రెండు చెవుల నడుమ గీత

ఆ పొద్దు ఎప్పుడు తెల్లవారిందో ఆకాశానికే తెలిసినట్టు లేదు. నలుపు బూడిదయింది, బూడిద పాలరంగయింది, అక్కడితో ఆగిపోయింది. సూర్యుడు ఏ మూలనున్నాడో చెప్పడానికి ఒక్క మరక కూడా లేదు. జలాశయంలోంచి లేచిన మంచు రేవు గది కిటికీకి ఆనుకుని నిలబడింది. గుమ్మంలో నిలబడి చెయ్యి చాపితే వేళ్లు కనబడుతున్నాయి గాని, మెట్లలో మూడోది కనబడడం లేదు.

నీటి మట్టం చూడడం, పారే నీటి వడి కొలవడం, ఆ అంకెలు ఆనకట్ట మీది వాళ్లకు ఫోనులో చెప్పడం ఆమె ఉద్యోగం. అందుకే ఇంటా బయటా ఆమె కొలతలమ్మ. ఉద్యోగం ఉన్న చోటే కాపురం. రేవు గదికి వెనక రెండు గదులు, ఒకటి తనకూ భర్తకూ, ఒకటి అత్తకూ మరిదికీ. భర్త రేవు లాంచి నడిపే సరంగు. మరిది చిన్న మోటారు పడవలో నీళ్ల నడుమనున్న కొలత స్తంభం దాకా పోయి, గీత ఎక్కడిదాకా మునిగిందో చూసి వస్తుంటాడు.

ఆ వేకువన కూడా పోయాడు. రాత్రంతా పైన కొండల్లో వాన. ఆనకట్టకు తలుపులు ఎత్తారు. ఎంత పెరిగిందో చూసి రమ్మని ఆమే లేపి పంపింది. అతను తాడు విప్పేటప్పటికి మంచు లేదు. పడవ పోయిన కాసేపటికి మోటారు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఆ వెనకే మంచు కమ్మింది. ఆ మంచులో ఎక్కడినుంచో ఇనప బకెట్టు మీద ఒక దెబ్బ వినపడింది. కొంత ఆగి, మరో దెబ్బ.

"వాడే," అంది అత్త. పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చింది, చేతిలో అట్లకాడ అలాగే ఉంది.

ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ నీళ్ల కింద ఆనకట్ట కట్టకముందు పారిన పాత ఏటి లోతు ఉంది. దాని మీద లంగరు తాడు అడుగుకు అందదు. తలుపులు ఎత్తిన రోజున ఏది తేలినా ఆ ఏటి దారిలో పడి తలుపుల దాకా పోతుంది. మొన్నటి వానకు ఒక చెట్టు మొద్దు అలాగే పోయింది. అవతల పక్క అది పుల్లలు పుల్లలుగా తేలడం అందరూ చూశారు.

కొలతలమ్మ తలుపుల గదికి ఫోను చేసింది. దించుతున్నామన్నారు. ఒక తలుపు పట్టేసిందనీ, అన్నీ దిగేసరికి మధ్యాహ్నమవుతుందనీ కూడా అన్నారు.

సరంగు అప్పటికే మెట్లు దిగి లాంచి తాడు పట్టుకుని నిలబడ్డాడు. నిలబడ్డాడే గాని విప్పలేదు. బకెట్టు మోగినప్పుడల్లా తల ఒక్కో వైపు తిప్పుతున్నాడు.

"కొండ వైపు," అన్నాడు.

"కాదురా, అటు," అని అత్త ఎడమకు చూపించింది.

కొలతలమ్మకు మాత్రం ఆ చప్పుడు తిన్నగా ఎదుటినుంచి వస్తున్నట్టుంది. ముగ్గురూ ఒకే దెబ్బ విన్నారు, మూడు దిక్కులు చూపించారు. ఎదుటి కొండ ప్రతి దెబ్బనూ అందుకుని తిరగ్గొడుతోంది. మంచు దాన్ని నలుమూలలా పూస్తోంది.

"ఊరికే దూకి వెతికితే వాడి పక్కనుంచే పోయినా తెలీదు," అన్నాడు సరంగు. "లాంచి మోతలో బకెట్టేం వినపడుతుంది?"

ఫోను ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాని తీగ ఒడ్డు వెంట పంపుహౌసు దాకా పోతుంది. కిటికీలోంచి చూస్తే ఎడమ నీళ్లు వచ్చే వైపు, కుడి పంపుహౌసు, దాన్ని దాటితే ఆనకట్ట. పంపుహౌసులో ఉండేది అత్తకు తమ్ముడు. సరంగుకు మేనమామ, ఆమెకు వరసకు బాబాయి. వరదకు పంపులు ఆపేశారు కాబట్టి అక్కడ చీమ నడిచినా వినపడుతుంది.

"బాబాయ్, బకెట్టు చప్పుడు మీకు వినపడుతోందా?"

"వినపడుతోందమ్మాయ్. ఎటునుంచో మాత్రం అడక్కు."

"ఎటునుంచో వద్దు. ఎప్పుడో చెప్పండి. ఈసారి మోగగానే వినపడిందని ఒక్క మాట అనండి."

బల్ల సొరుగులోంచి స్టాప్‌వాచీ తీసింది. తేలే డబ్బాలను నీళ్లలో వదిలి వడి కొలిచేది దాంతోనే. బకెట్టు మోగింది. మీట నొక్కింది. ఫోనులో "వినపడింది" అనగానే మళ్లీ నొక్కింది. రెండు సెకన్లు. ఇంకోసారి చూసింది. మళ్లీ రెండే.

గోడ మీది జలాశయం పటం ఊడబీకి బల్ల మీద పరిచింది. రేవు గది ఉన్నచోట ఒక గుండుసూది, పంపుహౌసు ఉన్నచోట ఇంకొకటి గుచ్చింది. రెంటికీ మధ్య కిలోమీటరు. సరంగు గుమ్మంలోకి వచ్చాడు, బూట్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏం చేస్తున్నావు?"

"చప్పుడు సెకనుకు మూడు వందల నలభై మీటర్లు పోతుంది. నాకు వినపడిన రెండు సెకన్లకు బాబాయికి వినపడింది. అంటే పడవ నాకంటే బాబాయికి ఆరు వందల ఎనభై మీటర్లు ఎక్కువ దూరం."

"వాడెక్కడున్నాడో కావాలంటే తేడా ఎంతో చెప్తావేంటి?"

"తేడా తెలిస్తే గీత దొరుకుతుందండీ. ఈ రెండు సూదులకూ దూరాల్లో అదే తేడా ఉండే చోట్లన్నీ కలిపితే ఒక వంపు గీత అవుతుంది. అతిపరావలయం అంటారు. పడవ ఆ గీత మీద ఎక్కడో ఉంది."

"ఎక్కడో అన్నది నాకూ తెలుసు," అన్నాడతను.

ఆమె స్కేలు అందుకుంది. సూదుల మధ్య సరిగ్గా నడిమి బిందువు పెట్టింది. కొలతలన్నీ దాన్నుంచే. సూదులు రెండూ నాభులు, ఒక్కోటి నడిమినుంచి 500. తేడాలో సగం 340, అంటే ఆ గీత సూదుల మధ్య గీతను దాటే చోటు, దాని శీర్షం, నడిమికి 340 దూరంలో తన వైపు. 500 వర్గంలోంచి 340 వర్గం తీసేస్తే 134400. ఒడ్డు వెంట దూరం x, ఒడ్డునుంచి నీళ్లలోకి దూరం y అనుకుని పెన్సిలుతో పటం అంచున రాసింది.

x²/115600 − y²/134400 = 1.

పాత ఏటి దారి ఒడ్డుకు సమాంతరంగా, ఆరు వందల మీటర్ల దూరాన పోతుంది. ఎన్నో డబ్బాలు వదిలి ఆ దారి పటం మీద గీసింది తనే. y దగ్గర 600 వేసి కాలిక్యులేటరు నొక్కింది. x ఆరు వందల యాభై పైచిలుకు వచ్చింది, నడిమికి ఎడమన. వంపు గీత, ఏటి గీత కలిసిన చోట చుక్క పెట్టింది.

"ఇక్కడ. రేవునుంచి దాదాపు తిన్నగా పోయి, కొంచెం ఎడమకు."

సరంగు ఆ చుక్కను చూశాడు. తర్వాత ఆమె మొహం చూశాడు. "తిన్నగా ఎదుటినుంచి వస్తోందని నీ చెవి కూడా అదే చెప్పింది. దీనికి ఇంత పటం దేనికి?" అంటూనే దిక్సూచిని జేబులో వేసుకుని పోయాడు.

లాంచి మోత మంచులో మునిగిపోయింది. అత్త గుమ్మం పక్కనున్న గంట తాడు పట్టుకుని కూర్చుంది. లాంచి తిరిగి రావడానికి ఆ గంటే దారి.

"నీ అంకెల కోసం పంపావు వాణ్ణి," అంది, మంచులోకి చూస్తూనే. "ఇప్పుడు మళ్లీ అంకెలతోనే తెస్తానంటావు."

"తెస్తాను అత్తయ్యా."

"తేకపోతే?"

ఆమె పటం మీది చుక్కను మళ్లీ కొలిచి చూసుకుంది.

లాంచి ఎంతకూ రాలేదు. ఒకసారి మోత ఆగింది, మళ్లీ మొదలైంది, కొండ వైపు తిరిగింది, మళ్లీ ఆగింది. అత్త గంట కొడుతూనే ఉంది. ఆఖరికి లాంచి ముక్కు మెట్లకు తగిలిన చప్పుడయింది. సరంగు ఒక్కడే దిగాడు.

"నీళ్లు తప్ప ఏం లేవక్కడ. ఇంజను ఆపి విన్నా. కొండ వైపు మోగినట్టుంటే అటు పోయా. అక్కడ కొండ ఉంది." టోపీ తీసి బల్ల మీద పటం మీదే పడేశాడు. గీసిన చుక్క మీద నీళ్లు కారాయి. "బకెట్టు ఇప్పుడు కుడివైపునుంచి వస్తోంది. నా చెవి చెప్తోంది. నేను నా చెవిని నమ్ముకుని పోతా."

"కుడి అంటే ఎంత కుడి?" అంది ఆమె.

అతను చెయ్యి ఒకసారి అటు చాపి దించేశాడు. తలుపులు దించుతున్నా ఆ వైపునుంచి వచ్చే హోరు తగ్గలేదు. అది వాళ్ల పాదాల కింద నేలలోంచి కూడా తెలుస్తోంది.

"ఒక్క నిమిషం ఆగండి," అని మళ్లీ ఫోను ఎత్తింది. "బాబాయ్, మళ్లీ చెప్పండి. మోగిన వెంటనే."

బకెట్టు మోగింది. ఆమె మీట నొక్కీ నొక్కకముందే "వినపడింది" అన్నాడు బాబాయి. తేడా లేదు. రెండు చెవులకూ ఒకేసారి. అంటే పడవ ఇద్దరికీ సమానదూరంలో, సరిగ్గా నడిమిన ఉంది. అప్పుడు వంపు ఉండదు. నడిమి బిందువులోంచి నిలువు గీత, అంతే. లెక్క చెయ్యడానికి కూడా ఏమీ లేదు. పెన్సిలు అందుకుంది గాని గీయలేదు.

ఏదో చిన్న చప్పుడు. బాబాయి మాటకు ముందు ఫోనులో ఏదో వినపడింది.

"బాబాయ్, ఇంకోసారి."

బకెట్టు మోగింది. ఈసారి వాచీ చూడలేదు, కళ్లు మూసుకుని వింది. బకెట్టుకన్నా ముందే ఫోనులో టక్, టక్. ఆ తర్వాత "వినపడింది."

"ఆ టక్‌టక్ ఏంటి బాబాయ్?"

"ఏ టక్‌టక్?"

"మాట్లాడే ముందు దేన్నో కొడుతున్నారు."

"నేనేం కొట్టానమ్మా? ఊరికే కూర్చుని వింటున్నా."

గుమ్మంలోంచి అత్త గంట ఆపి ఇటు తిరిగింది. "వాడికేం తెలుస్తుంది? పంపు మీటరు ముల్లు అతుక్కుపోతుందని గాజు మీద రెండు దెబ్బలు వేసి గాని అంకె చెప్పడు. ముప్పై ఏళ్ల అలవాటు. ఇంట్లో కూడా అంతే. అన్నం పెట్టనా అని వాళ్లావిడ అడిగితే కంచం మీద రెండు కొట్టి గాని ఊఁ అనడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అంటే కుర్చీ చెయ్యి మీద కొట్టాడు, వద్దంటున్నాడేమోనని వాళ్లు లేవబోయారు."

కొలతలమ్మ వాచీ నొక్కి బల్ల మీద తనే రెండు దెబ్బలు వేసి చూసింది. రెండు టక్కులూ పడి మాట వచ్చేసరికి ఒక సెకను. పొద్దున్న తను కొలిచిన రెండు సెకన్లలో ఒకటి చప్పుడుది, ఒకటి బాబాయి వేళ్లది. చుక్క అందుకే అంత ఎడమకు పోయింది. పడవ అప్పటికే దానికి ఎంతో కుడిన ఉంది. ఇక ఇప్పుడు తేడా లేదంటే...

"బాబాయ్, మీరు మాట్లాడొద్దు. రిసీవరు తీసుకెళ్లి కిటికీ బయట పెట్టండి. చేత్తో పట్టుకోవద్దు. దాని దగ్గర నిలబడొద్దు కూడా."

ఫోనులో అడుగుల చప్పుడు, కిటికీ రెక్క తీసిన చప్పుడు వినపడ్డాయి. ఆ తర్వాత దూరపు నీళ్ల హోరు. ఆమె ఒక చెవికి రిసీవరు ఆనించుకుని, రెండో చెవి కిటికీ వైపు పెట్టింది. అత్త గంట నాలుకను గుప్పిట్లో పట్టుకుంది.

బకెట్టు ముందు ఫోనులో మోగింది.

మీట నొక్కింది. ఆ తర్వాతే కిటికీలోంచి, సన్నగా, అదే దెబ్బ వచ్చింది. ఒక సెకను.

మళ్లీ వింది. ముందు ఫోనులో, తర్వాత గాలిలో. ఒక సెకను, పైన కాస్త. మళ్లీ వింది. ఆ కాస్త ఇంకొంచెం పెరిగింది.

"దాటేశాడు," అంది. "నడిమి దాటేశాడు. ఇప్పుడు బాబాయికే దగ్గర."

"దాటేస్తే నీ గీత ఏమయింది?" అన్నాడు సరంగు.

"ఈ గీతకు రెండు కొమ్మలుంటాయి. నేను మన వైపుది ఒక్కటే గీశాను. వాడు అవతల కొమ్మ మీద ఉన్నాడు."

పాత అంకెల కింద కొత్తవి రాసింది. తేడా 340. అందులో సగం 170. శీర్షం నడిమికి కుడిన 170 దూరంలో. 250000 లోంచి 28900 పోతే 221100.

x²/28900 − y²/221100 = 1.

y కి 600. కాలిక్యులేటరు 276 చూపించింది. చుక్క పటానికి కుడివైపున పడింది. ఆ చుక్కకూ, పటం మీద ఆనకట్టను చూపే నల్లగీతకూ మధ్య ఆమె బొటనవేలు పెడితే మిగిలేది తక్కువే. ఆ మిగిలిన చోటు కూడా నిలబడి ఉండేది కాదు. లాంచి అక్కడికి చేరేలోపు పడవ ఇంకా ముందుకు పోతుంది. తలుపులు దగ్గరయ్యేకొద్దీ వడి పెరుగుతుంది. ఏ డబ్బా ఎక్కడ ఎంత వడితో పోయిందో తనకు తెలుసు. చుక్కను ఇంకొంచెం కుడికి జరిపి చుట్టూ సున్నా చుట్టింది. రేవునుంచి దానికి స్కేలు పెట్టింది.

"ఒడ్డు గీత మీదనుంచి ముప్పై రెండు డిగ్రీలు. ఐదు నిమిషాలు నిండా వేగంతో."

"అది తలుపుల నోట్లోకి పోయే దారి," అన్నాడు సరంగు.

"అవును."

"ఇందాకా ఇలాగే చెప్పావు. నమ్మి పోయా. ఈసారి తప్పితే నేనూ అటే పోతా. అమ్మకి ఇద్దరు కొడుకులం."

ఆమె స్టాప్‌వాచీ మెడలో వేసుకుంది. "నేనూ ఎక్కుతాను."

అతను అత్త వైపు చూశాడు, ఆవిడ వద్దంటుందేమోనని. అత్త గంట తాడు మళ్లీ చేతికి చుట్టుకుంటోంది.

"చూస్తావేంరా? అది ఎక్కుతానంటోంది కదా. పోండి."

లాంచి రేవు వదిలిందన్న గుర్తు కూడా లేదు, మెట్లు మాయమయ్యాయి, అంతే. ముందు తెలుపు, వెనక తెలుపు. ఆమె ముందు పలక మీద మోకాళ్లూని దిక్సూచిని అరచేతుల మధ్య పెట్టుకుంది. సూది ఊగినప్పుడల్లా "ఎడమ", "చాలు", "కుడికి కాస్త" అంటోంది. అతను ఆ మాటలకు చుక్కాని తిప్పుతున్నాడు. అత్త గంట మొదట వెనకనుంచి వినపడింది. తర్వాత ఏ వైపునుంచో తెలియలేదు. తర్వాత వినపడలేదు.

వాచీలో మూడు నిమిషాలు దాటాయి. హోరు ఇంజను మోతను మింగేస్తోంది. లాంచి కింద నీళ్లు నున్నగా, నూనె పోసినట్టు అయ్యాయి. అలలు లేవు. అంటే నీళ్లు పరుగు అందుకున్నాయని ఇద్దరికీ తెలుసు.

"ఏమే," అన్నాడు.

"ఇంకా ఉంది."

"నీళ్లు లాగుతున్నాయి."

"తెలుసు. ఇంకా ఉంది."

అతని చెయ్యి ఇంజను మీట మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు గాని ఆ చెయ్యి పోవడం, రావడం వీపుతో తెలుసుకుంది.

"ఆపండి."

ఇంజను ఆగింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. హోరు. బకెట్టు లేదు. లాంచి తనంతట తానే కుడికి జారుతోంది. ఆమె లోపల అంకెలన్నీ వరసగా కూలుతున్నాయి. ఏటి దారి తప్పు గీశానా, వడి ఎక్కువ వేశానా, వాచీ ఆలస్యంగా నొక్కానా. బకెట్టు ఎందుకు మోగడం లేదు?

"ఒరే చిన్నా," అని సరంగు మంచులోకి కేకేశాడు. తమ్ముణ్ణి చిన్నప్పటినుంచీ అలాగే పిలుస్తాడు.

జవాబు లేదు. మళ్లీ కేకేశాడు. ఈసారి ఏదో వినపడింది. చప్పచప్పమని, చెక్క నీళ్లను కొడుతున్న చప్పుడు. కేక కాదు, బకెట్టు కాదు. ముందు, కొంచెం ఎడమకు. దగ్గర్లోనే.

"కొట్టడం మానేసి తెడ్డేస్తున్నాడు," అంది ఆమె. "హోరు విన్నాడు. పోనివ్వండి, ఎడమకు."

మంచులోంచి ముందు, మరిది పడవలో నిలబెట్టుకునే ఎరుపు తెలుపు పట్టీల కొలతకర్ర బయటపడింది. దాని కింద పడవ, పడవలో మోకాళ్ల మీద కూర్చుని కూర్చునే పలకను ఊడగొట్టి దాంతో నీళ్లు తోస్తున్న మరిది. అతను తల ఎత్తలేదు. లాంచి పక్కకు వచ్చి తాడు భుజం మీద పడేదాకా తోస్తూనే ఉన్నాడు. సరంగు వంగి అతని చొక్కా మెడ పట్టుకుని ఒక్క లాగు లాగాడు. లాంచిలో పడ్డాక కూడా చేతులు తోస్తున్నట్టే కదిలాయి.

"పడవ వదిలెయ్," అన్నాడు సరంగు తనకు తానే. వదిలేశాడు. పడవ వాళ్ల కళ్ల ముందే మంచులోకి జారిపోయింది.

ఇంజను మొదటిసారి పట్టుకోలేదు. రెండోసారి పట్టుకుంది. లాంచి ముక్కు తిప్పి నిండా వేగం ఇచ్చినా చాలాసేపు ఉన్న చోటే ఉన్నట్టుంది. నీళ్లు చుట్టూ పరిగెడుతున్నాయి, లాంచి వణుకుతోంది. వెనక, ఎక్కడో, చెక్క విరిగిన చప్పుడు ఒకటి వచ్చింది. మరిది కళ్లు మూసుకున్నాడు. నున్నటి నీళ్ల మీద చిన్న చిన్న అలలు కనబడ్డాక సరంగు చుక్కాని మీది పట్టు కాస్త వదిలాడు.

"స్తంభం దగ్గర మట్టం చూశాను వదినా," అన్నాడు మరిది కాసేపటికి, పళ్లు టకటకలాడుతుండగా. "చెప్పనా?"

"తర్వాత," అంది ఆమె. పైటకొంగుతో అతని చేతులు తుడిచింది. బకెట్టు కొట్టీ కొట్టీ అరచేతులు రేగిపోయాయి.

గంట వినపడింది. దాన్ని పట్టుకుని రేవు చేరారు. అత్త మెట్లు దిగి రాలేదు. గంట తాడు వదలకుండా ముగ్గురూ మెట్లెక్కడం చూసింది. చిన్నకొడుకు దగ్గరికి రాగానే చెంప మీద ఒకటి వేసింది. వేసిన చేత్తోనే మెడ నిమిరింది. తర్వాత లోపలికి పోయి పొయ్యి రాజేసింది.

కొలతలమ్మ ఫోను ఎత్తింది. "బాబాయ్, దొరికాడు," అంది. అవతల చాలాసేపు నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. రిసీవరు ఇంకా కిటికీ బయటే ఉందని అప్పుడు తట్టింది. పెట్టేసింది. వచ్చినప్పుడు ఆయనే చూస్తాడు.

ఆయన ఒడ్డు వెంట నడిచి వచ్చేసరికి అన్నం ఉడికింది. మేనల్లుళ్లిద్దరినీ చూశాడు, కొలతలమ్మను చూశాడు, చెప్పులు విప్పుకుని కూర్చున్నాడు. కంచాలు తెచ్చే ఓపిక ఎవరికీ లేదు. అత్త గిన్నె మధ్యలో పెట్టి, ఉడికిన గుడ్లు చిదిపి, ఉప్పు వేసి అంతా కలిపింది. చిన్నకొడుకు వేళ్లు ముడవలేకపోతే ముద్దలు నోటికే అందించింది. మిగతా వాళ్లు తలో వైపునుంచి గిన్నెలో చేతులు పెట్టారు. సరంగు తన పక్కనున్న గుడ్డు ముక్కను భార్య వైపు తోశాడు. ఆమె అది తింది. కిటికీ అవతల మంచు పలచబడి నీళ్లు ఒక్కో గజమే కనబడుతున్నాయి. ఎవరూ అటు చూడలేదు. గిన్నె అడుగు కనబడేదాకా తిన్నారు.